కింది వరసలో తలుపు లేని ఇల్లు

నా ఉద్యోగమేమిటో చిత్తూరులో మా చిన్నమ్మకు ఇప్పటికీ అర్థం కాదు. "ఇండ్లు కట్టే కాడ నువ్వేం సేస్తావే? ఇటుకలు మోస్తావా?" అంటుంది. ఇటుకలు కాదు చిన్నమ్మా, ఇండ్లు కట్టేటప్పుడు నేలకూ నీళ్ళకూ మనుషులకూ ఏ కీడు జరుగుతుందో ముందే కనిపెట్టి రాయాలి, జరగకుండా చూడాలి అని చెబితే, "ఓహో, జోస్యమా!" అని బుగ్గలు నొక్కుకుంటుంది. ఆమె మాటే నయం. జోస్యం చెప్పేవాళ్ళకు తాంబూలమైనా పెడతారు. నాకు దొరికేవి తిట్లు.

పేదవాళ్ళకు ఇండ్లు కట్టే పథకాల్లో నాలాంటి వాళ్ళను కాంట్రాక్టు మీద పెట్టుకుంటారు. అప్పు ఇచ్చే పెద్ద సంస్థలు అడుగుతాయి కాబట్టి పెట్టుకుంటారు, లేకపోతే మా మొహాలు ఎవరూ చూడరు. దుమ్ము లేస్తోంది, నీళ్ళు చల్లకుండా గ్రావెల్ తోలవద్దు అంటాను. కూలికొచ్చిన ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేకుండా పని మొదలుపెట్టవద్దు అంటాను. గుంతలు తవ్వి అట్లాగే వదలవద్దు, పిల్లలు పడతారు అంటాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా నోట్లో ఆ ఒక్క మాటే. అందుకే సైటులో నాకు 'వద్దు మేడం' అని పేరు పెట్టారు. నేను స్కూటీ దిగుతుంటే మేస్త్రీలు ఒకరికొకరు "వచ్చిందిరా వద్దు" అని సైగ చేసుకోవడం నాకు తెలుసు. మొదట్లో కోపం వచ్చేది. తరువాత, పోనీలే, ఏదో ఒక పేరు ఉంది కదా అనుకున్నాను.

నేను చెప్పబోయే కాలనీ తిరుపతి నుంచి శ్రీకాళహస్తి పోయే దోవలో, రోడ్డు దిగి చాలా లోపలికి వెళితే, బోడి గుట్టల కింద ఉంది. ఊళ్ళో అద్దెకుండే పేదవాళ్ళకు అక్కడ స్థలాలిచ్చారు. లాడ్జీల్లో గదులు కడిగేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, బస్టాండులో మోతగాళ్ళు, టైలర్లు, ఆటోవాళ్ళు. లాటరీ తీసి ఎవరికి ఏ స్థలమో చెప్పారు. నేల పైనుంచి కిందికి వాలుగా ఉంటుంది. పై వరసలు గట్టి నేల. చివరి వరస, అందరూ కింది వరస అనేది, పల్లం. ఒకప్పుడు గుట్టల మీద వాన కురిస్తే ఆ పల్లం గుండా వంక పారి స్వర్ణముఖిలో కలిసేదట. చాలా ఏండ్లుగా వానలు సరిగా లేక వంక ఎండిపోయి, దాంట్లో తుమ్మచెట్లు మొలిచి, అది వంకేనన్న మాట జనం మరిచిపోయారు. దాని మీద ఎర్రమట్టి తోలి, చదును చేసి, సున్నంతో గీతలు గీసి స్థలాలన్నారు. నేను చేరేసరికే ఆ పని అయిపోయింది.

నేను చెప్పబోయే మనిషిని మొదటిసారి చూసింది అక్కడ షామియానా వేసి పెట్టిన మీటింగులో. ఇండ్లు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, కట్టేటప్పుడు మీకు ఏమేం ఇబ్బందులు రావచ్చు అని అడగడం నా పని. నేను దుమ్ము గురించి, లారీల చప్పుడు గురించి, పని దూరమవడం గురించి చెప్పుకుంటూ పోతున్నాను. నలభై దాటిన మనిషి, లాడ్జివాళ్ళిచ్చిన నీలం చీర కట్టుకుని పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, లేచి నిలబడింది.

"దుమ్మూ గిమ్మూ మాకు అలవాటే మేడం. మా నాయన పోయేలోపల మిద్ది పడతాదా, పడదా? అది సెప్పు."

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. మీటింగయ్యాక పక్కకు పిలిచి అడిగితే చెప్పింది. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. పిల్లల్లేరు. ఉన్నది తనూ, నాయనా. ఆయన తిరుపతి వీధుల్లో బొరుగులు, శనక్కాయల బండి తోసి ఆమెను పెంచాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు చెడిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఉంటున్నది ఒక మిద్దె కింద అద్దె గది.

"ఇంటాయన మంచోడే. కానీ అద్దింట్లో పీనిగ లెయ్యగూడదంట గదా. ముందే సెప్పినాడు. రేపు మా నాయనకు ఏమన్నా అయితే నేను యాడికి తీసకపోవాల? రోడ్డు మీద పడుకోబెట్టాల్నా?"

ఈ సంగతి నాకు తెలియక కాదు. మన ఊళ్ళలో తెలియనివాళ్ళెవరు? చిత్తూరులో నా చిన్నప్పుడు ఎదురింట్లో అద్దెకున్న టీచరుగారు ఆసుపత్రిలో పోతే, శవాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. వీధిలో బెంచీ వేసి, పైన పట్ట కట్టి, అక్కడే స్నానం పోసి అక్కడినుంచే తీసుకుపోయారు. ఆయన దగ్గర చదువుకున్న పిల్లలం మేము కిటికీల్లోంచి చూశాం. ఇంటివాళ్ళ భయమూ వట్టిది కాదు. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంటిని నెలల తరబడి మూసిపెట్టాలంటారు. ఎవరిల్లు వాళ్ళకు బంగారం.

నేను ఆ రోజు రిపోర్టులో ఆమె మాట రాశాను. నా దగ్గరున్న పట్టికలో గాలికి ఒక గడి, నీళ్ళకు ఒక గడి, కూలీల ఆరోగ్యానికి ఒక గడి ఉన్నాయి. దీనికి గడి లేదు. 'ఇతరములు' అన్నచోట, అద్దె ఇండ్లలో జబ్బు మనుషులున్న కుటుంబాలకు ముందుగా కట్టివ్వాలి అని పెట్టాను. హైదరాబాదు నుంచి మా పెద్దసారు ఫోను చేశాడు.

"ఇది రిస్కు కాదమ్మా, సెంటిమెంటు. తీసెయ్."

"సార్, మీరు సొంత ఇంట్లో ఉంటున్నారా?" అన్నాను.

"ఏం, ఎందుకు?"

"ఊరికే అడిగాను సార్."

తీసేశారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆమెకు పెళ్ళి చూసింది చాలు, ఇంక ఇల్లు కడుతుంటే ఆమెను చూడాలి. లాడ్జిలో రెండు పూటలా డ్యూటీ చేసి, సెలవురోజు బస్సెక్కి వచ్చి, తన ఇంటి గోడలకు తనే నీళ్ళు పట్టేది. మేస్త్రీ ఒక రోజు రాకపోతే ఆయన ఇంటికే పోయి గడపలో కూర్చునేది. "నువ్వు లేసి రాకుంటే నేనీడ్నే వంట సేసుకుంటా అబ్బా" అని. ఆయన పెళ్ళాం భయపడి ఆయన్ను లేపి పంపేది. లాటరీలో ఆమెకు కింది వరస వచ్చింది. చివరినుంచి మూడో స్థలం. గోడలు ఆ వరసలో అందరికంటే ముందు ఆమెవే లేచాయి. చలికాలం పోయి ఎండలు ముదిరేలోపు స్లాబు కూడా పడింది.

ద్వారబంధం నిలబెట్టిన రోజు వాళ్ళ నాయనను ఆటోలో తీసుకొచ్చింది. బక్కపలచని మనిషి, తలకు తువ్వాలు. గడపకు పసుపు పూసి బొట్లు పెడుతుంటే ఇటుకల మీద కూర్చుని చూస్తున్నాడు. నన్ను చూసి, "నువ్వేనా అమ్మా వద్దు మేడం?" అన్నాడు.

"నేనే పెద్దాయనా. నా పేరు మీదాకా వచ్చిందా?"

"నా పాప రోజూ నీ మాటే సెప్తాది. నన్ను గూడా సావద్దని సెప్పరాదా ఒకతూరి! నువ్వు సెప్తే సావన్నా ఇంటాదేమో." ఆయాసంలోనే నవ్వాడు. "నా సావు గురించి నా కంటే మా ఇంటాయనకే దిగులెక్కువ. పొద్దున్నే లేసి నేను దగ్గేది ఇంటే గానీ ఆయనకు కాఫీ దిగదు. దగ్గు ఇనపడకుంటే పైనుంచి తొంగి సూస్తాడు."

"నోరు ముయ్ నాయనా" అని ఆమె కసిరింది.

ఆయన లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ముందుగదిలో దక్షిణపు గోడ దగ్గర నిలబడి, చేత్తో నేల చూపించాడు. "నన్నీడ పండబెట్టు పాపా. ఈడనుంచి సూస్తే వాకిట్లో పొయ్యేవాళ్ళందరూ కనపడతారు." బొరుగుల బండి తోసిన మనిషి కదా, వీధి కనపడకపోతే తోచదు. ఆమె సరే అంది. ఆ ఇద్దరూ మంచం ఎక్కడ వేయాలో మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు.

తలుపులు, కిటికీలు పెట్టి, ఇంత సున్నం కొట్టి, కరెంటు లాగితే చేరిపోవచ్చు. ఆ వారంలోనే వాన పడింది.

ఎండాకాలపు వాన. మధ్యాహ్నం గాలి లేచి, గుట్టల మీద నల్లగా కమ్మి, కాసేపు కుమ్మరించి పోయింది. అంత మాత్రానికే మర్నాడు నేను వెళ్ళేసరికి కింది వరస వెనక ఎర్రనీళ్ళు నిలబడి ఉన్నాయి. తోలిన మట్టి ఒక చోట కోసుకుపోయి, కింద పాత ఇసుక, గుండ్రాళ్ళు కనబడుతున్నాయి. వంక రాళ్ళు. చెట్లు కొట్టి, మట్టి కప్పి, లాటరీ తీసి పంచినా, నీళ్ళకు తమ దోవ గుర్తుంది. ఒక ఇంటి పునాది పక్క చెయ్యి పట్టేంత బీట పడింది. ఈ చిన్న వానకే ఇట్లా ఉంటే, కార్తీకంలో తుపాను పట్టి రెండు రోజులు కురిస్తే? ఆ వరసలో ముసలివాళ్ళు, పసిపిల్లలు పడుకుని ఉంటే?

రాశాను. వంకకు రాతి కాలువ కట్టి, వరస వెనక అడ్డుగోడ లేపేదాకా కింది వరసలో పని ఆపాలి, ఎవరినీ కాపురం ఉంచకూడదు అని రాశాను. అంతకు ముందు నేను రాసినవి ఎవరూ చదివి ఎరగరు. కూలి ఆడవాళ్ళ మరుగుదొడ్డి గురించి ఎన్నిసార్లు రాసినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆ ఒక్కటి మాత్రం చదివారు. అప్పు ఇచ్చినవాళ్ళు ఎవరో చూడటానికి వస్తున్నారట. రాత్రికి రాత్రి కింది వరసకు ఎర్ర రిబ్బను కట్టి, పని నిలిపివేయడమైనది అని బోర్డు పెట్టారు. వచ్చినవాళ్ళు బోర్డు ముందు ఫోటో తీసుకుని, నాకు చెయ్యి కలిపి, చాలా మంచి పని అని మెచ్చుకుని వెళ్ళిపోయారు.

కాలువ మొదలు కాలేదు. కాలువ మా కిందికి రాదు, వేరే శాఖది అన్నారు వీళ్ళు. ఇండ్లు కట్టేవాళ్ళే కట్టుకోవాలి అన్నారు వాళ్ళు. ఆపడం మాత్రం అందరి చేతిలోనూ ఉంది. సైటు ఇంజినీరు కుర్రవాడు, చెడ్డవాడు కాదు, "మేడం, కాలువ లేకపోతే ఆపమన్నారు, ఆపాం. కాలువ కట్టమని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. అతని మీద అరిచాను. అరిస్తే కాలువ వస్తుందా?

ఆమె మా రేకుల ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీకేం పొయ్యే కాలం మేడం? నా ఇల్లే కనపడిందా నీకు?"

"నీ ఒక్క ఇల్లు కాదమ్మా. వరసంతా..."

"వరసతో నాకేం పని? తలుపు పెడితే అయిపోయేది. తలుపు! మా నాయన దినానికి ఒక్క ముద్ద తింటాండాడు. ఎందుకు నాయనా తినవు అంటే, సొంతింట్లో తింటాలే అంటాడు. నువ్వు పైన కూర్చోని ఒక మాట రాస్తివి, అంతే."

"నీళ్ళు వస్తాయమ్మా. చూడలేదా నువ్వు? అందరూ మునిగిపోతారు."

"వస్తే రానీ. నీళ్ళొచ్చి సచ్చినా సొంతింట్లో సస్తాం. అది నీకు తెల్దు."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టుంది నా బతుకు. వెనక్కు తీసుకుంటే రేపు ఎవరి బిడ్డో కొట్టుకుపోతే? నేను రాసింది తప్పు కాదు. ఇప్పటికీ తప్పు కాదనే అంటాను. అది తప్పు కాకపోవడం వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.

పై వరసలో ఖాళీగా ఉన్న స్థలమో, కట్టి వదిలేసిన ఇల్లో ఆమెకు మార్చి ఇప్పిద్దామని ఆఫీసుల చుట్టూ తిరిగాను. "ఒకరికి మారిస్తే వరసంతా వస్తారు మేడం" అన్నారు ఒకచోట. "ముసలాయన ఆరోగ్యం మా పరిధి కాదు" అన్నారు ఇంకోచోట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, ఇక్కడ దేవుడెవరో పూజారి ఎవరో కూడా తెలియలేదు. ఆ మాట చెప్పడానికే ఒకరోజు తిరుపతిలో వాళ్ళుండే గదికి వెళ్ళాను.

ముసలాయన నులకమంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తాడు, మాట రాలేదు. ఇంటాయన పైనుంచి దిగి వచ్చాడు. నాకు కాఫీ తెప్పించాడు. ఆయన నన్ను ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి అనుకున్నట్టున్నాడు.

"అమ్మా, ఈయన నాకు పెద్దదిక్కు మాదిరి. శనక్కాయలు పెట్టి నా పిల్లోళ్ళను పెంచినాడు. కానీ కార్తీకంలో మా పాప పెండ్లి పెట్టుకున్నాం. పందిరి ఈడ్నే. ఆ టయానికి ఏమన్నా జరగరానిది జరిగితే పెండ్లి ఆగిపోతాది. మగపెండ్లోళ్ళు ఒప్పుకోరు. నన్ను సెడ్డోణ్ణి సేయొద్దమ్మా." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె మూల నిలబడి వింటోంది. మంచం మీదున్న ఆయన, ఆయాసం అణుచుకుని, "పెండ్లి... బాగా... సెయ్యప్పా" అన్నాడు. "నేను... అడ్డం రాను."

కార్తీకం వచ్చింది. ఆయనకు ఆయాసం ఎక్కువై పెద్దాసుపత్రిలో చేర్చారు. కొన్ని రోజులకు డాక్టరు, ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నాడట. వాళ్ళు అందరికీ చెప్పే మాటే అది. ఏ ఇంటికి అని డాక్టరు అడగడు కదా.

ఆ పొద్దున నేను సైటుకు వెళ్ళేసరికి కింది వరసలో ఎర్ర రిబ్బను తెగి కిందపడి ఉంది. ఆమె ఇంటి ద్వారబంధానికి నీలం పట్ట వేలాడుతోంది. లోపల, దక్షిణపు గోడ దగ్గర, ఆయన చూపించిన చోటే నులకమంచం. దాని మీద ఆయన. పక్కన సామాన్ల మూట. గది ఖాళీ చేసి, ఇంటాయనకు తాళంచెవి ఇచ్చేసి వచ్చేసింది. ఆకాశం మూసుకుని ఉంది. సముద్రం వైపు నుంచి, పులికాట్ దిక్కునుంచి, మబ్బు తోసుకుంటూ వస్తోంది. రేడియోలో వాయుగుండం అని పొద్దుటినుంచి చెబుతున్నారు.

"వద్దమ్మా" అన్నాను. "ఈ రోజు వద్దు. మబ్బు చూడు."

"నీకు వేరే మాట రాదా మేడం?" అంది. అరవలేదు. అలసిపోయిన గొంతు. "నువ్వు యాడికి పొమ్మంటే ఆడికి పోతా. సెప్పు. యాడికి?"

నాకు చెప్పడానికి చోటు లేదు. నేనూ తిరుపతిలో అద్దె ఇంట్లోనే ఉంటున్నాను.

మధ్యాహ్నానికి వాన మొదలైంది. ఎండాకాలపు వాన మాదిరి కాదు, గాలీ చప్పుడూ లేకుండా ఒకటే ధార. గంట గంటకూ పోయి చూస్తున్నాం, నేనూ ఇంజినీరూ. సాయంత్రానికి వరస వెనక మట్టి జారడం మొదలై, వంక పాత దోవన వచ్చేసింది. ఎర్రగా, చెత్తా తుమ్మకంపా మోసుకుంటూ, మొదటి ఇంటి గోడను రాసుకుని, ఇండ్ల మధ్య సందుల్లోంచి ముందుకు వచ్చింది. నేను చెప్పింది చెప్పినట్టు జరిగింది. అయ్యో, జరగకుంటే ఏం పోయేది! ఒక్కసారైనా నా మాట తప్పిపోయి, నలుగురూ నవ్వి ఉంటే ఎంత బాగుండేది.

ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. మంచాన్ని నాలుగు వైపులా పట్టుకున్నాం. ఆమె, నేను, ఇంజినీరు, ఒక మేస్త్రీ. మోకాలి లోతు నీళ్ళలో, ముసలాయన మీద పట్ట కప్పి, పై వరసకు ఎక్కాం. అక్కడ పూర్తయిన మొదటి ఇంటి ముందు దించాం. తలుపు కొడితే ఒకావిడ తీసింది, మంచం చూసింది, ఆమె ముఖం చూసింది. గుమ్మానికి మామిడాకులు ఇంకా పూర్తిగా ఎండలేదు.

"అక్కా, మొన్ననే పాలు పొంగించినాం" అంది. చేతులు జోడించి ఏడ్చేసింది. "నా కాళ్ళు సేతులు ఆడ్తాలేవక్కా. మా అత్త ఒప్పుకోదు."

ఎవరిని అనాలి? ఆ ఇంటామె ఇచ్చింది గ్లాసుడు వేడినీళ్ళు, దుప్పటి. ఆయన్ను మా సిమెంటు గోడౌనులోకి తీసుకుపోయాం. చెక్కల మీద బస్తాలు జరిపి మంచం వేశాం. సిమెంటు దుమ్ముకు ఆయన దగ్గాడు. దుమ్ము గురించి ఎన్ని రిపోర్టులు రాశానో, ఆ గోడౌనులో ఆ ఊపిరితిత్తుల మనిషిని పెట్టింది నేనే. ఆయన కళ్ళు తెరిచినప్పుడల్లా, "ఇంటికి" అన్నాడు. ఆమె చెయ్యి వదలలేదు.

తెల్లారేసరికి వాన తెరిపి ఇచ్చింది. నీళ్ళు దిగిపోయాయి. మొదటి ఇంటి గోడ ఒకటి పడిపోయింది. ఆమె ఇల్లు నిలబడింది. నేల మీద ఎర్రటి వండుమట్టి పాదం దిగేంత మందాన పేరుకుంది. ఆమె పార తీసుకుని, దక్షిణపు గోడ దగ్గర మంచం పట్టేంత మేర మట్టి లాగేసి, బిందెతో నీళ్ళు పోసి కడిగింది. లాడ్జిలో ఎవరెవరి గదులో కడిగిన చేతులు. ఎవరూ సాయం పట్టకుండానే అయిపోయింది. ఇంజినీరు వచ్చి మంచం కాళ్ళవైపు పట్టుకున్నాడు.

ఆయన్ను అక్కడ పెట్టగానే తల వాకిలి వైపు తిప్పాడు. వీధిలో మనుషులు తమ సామాన్లు ఎండకు వేసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు.

"మన ఇల్లేనా పాపా?"

"మనదే నాయనా."

"ఇంటాయన... ఏమన్నా అంటాడేమో."

"ఇంటిదాన్ని నేనే గదా నాయనా. నేనేం అంటా?"

ఆయన ముఖంలో పాత నవ్వు కాస్త కనబడింది. ఆమె తులసినీళ్ళు పోసింది. పొద్దెక్కాక, వీధిని చూస్తూనే పోయాడు.

ఆమె ఏడ్చింది, గట్టిగా ఏడ్చింది. కానీ ఆ ఏడుపులో మొదటి పూట ఏదో ఒక నెమ్మది ఉంది. అనుకున్నది జరిగింది. సొంత ఇంట్లో, చూపించిన చోట. నేను కూడా, పోనీ ఇదొక్కటైనా దక్కిందనుకున్నాను. ఇంటాయన పెండ్లి పనులు వదిలేసి పూలదండ తెచ్చాడు. గడప బయటే నిలబడి ఆయనా ఏడ్చాడు.

శ్రీకాళహస్తి నుంచి ఆమె మేనమామ వచ్చాడు. ఊళ్ళోకి పోయి పంతులును పిలుచుకొచ్చాడు. పంతులు బురదలో పంచె ఎత్తిపట్టుకుని నిలబడి, ఎన్ని గంటలకు పోయాడని అడిగి, ఫోనులో పంచాంగం చూశాడు. తిథి బాగుందన్నాడు. తరువాత నాలుక చప్పరించాడు.

"నక్షత్రం మంచిది కాదమ్మా. పంచకంలో పోయినారు. శవం లేచినాక ఇల్లు మూసెయ్యాల. ఆరు నెలలు ఎవరూ ఉండగూడదు. దీపం కూడా వద్దు. తలుపేసి తాళం పెట్టండి."

ఆమె నాయన తల దగ్గర కూర్చుని ఉంది. మెల్లగా తల ఎత్తింది. ఖాళీ ద్వారబంధం వైపు చూసింది. దానికి పూసిన పసుపు వానకు కారిపోయి, చెక్క మీద చారలుగా మిగిలింది.

"మూసేదానికి తలుపు యాడుండాది సామీ?" అంది.

పంతులు నన్ను చూశాడు, నేను ఏదో పెద్ద అధికారిననుకుని. నేను నేల చూశాను. ఆ తలుపు ఎందుకు లేదో అక్కడున్న అందరికీ తెలుసు.

శవం లేచింది. మగవాళ్ళు వెళ్ళిపోయారు. అటునుంచి తిరిగి వచ్చాక మేనమామ, నీళ్ళు తెచ్చిపడేసిన తుమ్మకంప ఒక మోపు లాక్కొచ్చి, ద్వారబంధానికి అడ్డం పెట్టాడు. తలుపు లేకుంటే కంపే తలుపు. ఆమె సామాన్ల మూట బయట గ్రావెల్ కుప్ప మీద పెట్టాడు. "మా ఇంటికి రా పాపా. ఆరు నెల్లు యాడో ఒకాడ గడిసిపోతాది" అన్నాడు.

ఆమె లేచింది. కంప మొదలు చేత్తో పట్టుకుని లాగింది. ముళ్ళు గుచ్చుకున్నాయి, రక్తం కారింది, వదల్లేదు. లాగి ఆ మోపును వంక పారిన చోటికి ఈడ్చి పారేసింది. మూట తీసుకుని లోపలికి పోయి, నాయన పడుకున్న చోట ప్రమిద పెట్టి, అగ్గిపుల్ల గీసింది. చెమ్మకు అది వెలగలేదు. ఇంకోటి గీసింది.

మేనమామ గాబరాగా నా దగ్గరికి వచ్చాడు. నా సంగతి ఎవరో చెప్పినట్టున్నారు.

"మేడం, అది నా మాట ఇనదు. సెడ్డ నక్షత్రం. పైగా వంక మళ్ళా వస్తే కొట్టుకపోతాది. మీకైతే అధికారం ఉండాది. వద్దని మీరన్నా సెప్పండి మేడం."

పని రూల్సు ప్రకారం చెప్పాలి. కాలువ లేదు, గోడ లేదు, తలుపు లేదు, కార్తీకం ఇంకా అయిపోలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదని రాసింది నేనే. లోపల రెండో పుల్ల కూడా ఆరిపోయింది.

నా నోటికి ఆ మాట రాలేదు. చెప్పులు బయట విడిచి, గడప దాటి లోపలికి వెళ్ళి, నా సంచిలో అగ్గిపెట్టె ఉందేమో వెతికాను.